మందుతోపాటు మాట: తెగుళ్ల వేళ ప్రచార నిపుణుల సహాయము

(ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



కోడికి జబ్బు చేసినను, గేదెకు గాలికుంటు సోకినను, చెరువులో చేప తేలినను తెలిసినవారిని పిలువవలెనని మనకందరకు తెలియును. మందులు, టీకాలు, సున్నము, బ్లీచింగు పొడి సిద్ధముగా నుంచుకొనవలెనని కూడ తెలియును. కాని అట్టి ఆపద వచ్చిన నాడు ఊరివారికి ఏమి చెప్పవలెను, ఎవరు చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అను విషయమును ముందుగా ఆలోచించుకొనుట మనలో అరుదు. జనులకు మాట చేరవేయుటయే వృత్తిగా గలవారు మన చుట్టునే ఉన్నారు. వారిని ముందుగానే గుర్తించి, షరతులు కుదుర్చుకొని, అవసరము వచ్చిన నాడు పిలుచుకొనుట పంచాయతీల పనులలో నొకటి కావలెనని మా అభిప్రాయము. ఈ సంగతినే నేడు మీ యెదుట ఉంచదలచితిమి.

మన సీమ స్వరూపము

ముందుగా మన సీమను ఒకమారు కన్నుల యెదుటికి తెచ్చుకొందము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు దీనిలో చేరును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు చేర్చును. ఈ సరస్సున అయిదవ కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో ఇది అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ చిత్తడి నేలల పట్టికలో చేరినది. శీతకాలమున దూరదేశముల పక్షులు వచ్చి ఇచట విడియును. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకొనును.

సరస్సు చుట్టును చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నవి. ఉంగుటూరు, తాడేపల్లిగూడెము, తణుకు వైపునకు పోయినచో కోళ్ల ఫారములు వరుసగా కనబడును. ఇచటి గ్రుడ్లు లారీలలో ఒడిశా, పశ్చిమ బెంగాలు, బీహారు, అస్సాము రాష్ట్రముల వరకు పోవును. ఫారములలోని కోళ్ల పెంట చేపల చెరువులకు ఎరువగును. పెరటి కోడి లేని పల్లె మనకు లేదు. సంక్రాంతి వచ్చినచో, చట్టము వలదన్నను, పందెపు కోళ్లు ఊరూరు తిరిగి ఒక్కచోట చేరును.

ఇట్లు అడవిపక్షి, కోడి, చేప, మనిషి ఒకే నీటి చుట్టు బ్రదుకుచున్నారు. ఒకచోట పుట్టిన తెగులు మరియొక చోటికి ప్రాకుటకు ఇంతకంటె అనువైన తావు వేరొకటి లేదు. ఒకచోట పుట్టిన వదంతికి కూడ ఇదియే అనువైన తావు. లారీ డ్రైవరు, గ్రుడ్ల వర్తకుడు, మేత అమ్మువాడు, చేపల బేరగాడు ఉదయము ఒక ఊరిలో నుందురు, మధ్యాహ్నమునకు వేరొక ఊరిలో నుందురు. వారి చేతిలోని ఫోను వారికంటె ముందు పోవును.

2025 ఫిబ్రవరి నేర్పిన పాఠము

2025వ సంవత్సరారంభమున గోదావరి జిల్లాల ఫారములలో కోళ్లు గుంపులుగా చనిపోజొచ్చినవి. శీతకాలమున కోళ్లు పోవుట పెంపకందారులకు క్రొత్త కాదు. కొక్కెర తెగులు వారెరిగినదే, దానికి టీకా కూడ కలదు. రెండు వ్యాధులకును కొన్ని లక్షణములు ఒకటిగనే యుండును. కంటితో చూచి ఇది ఇదియని తేల్చుట అనుభవజ్ఞునకైనను సాధ్యము కాదు. నమూనాలను భోపాలులోని జాతీయ అధిక భద్రతా పశువ్యాధుల సంస్థకు పంపవలసి యుండును.

ఫిబ్రవరి 10వ తేదీన ఆ ఫలితము వెల్లడియైనది. తణుకు మండలములోని వేల్పూరు, పెరవలి మండలములోని కానూరు అగ్రహారములలో కోళ్లకు సోకినది హెచ్‌5ఎన్‌1 బర్డ్ ఫ్లూ అని తేలినది. పిమ్మట కొద్ది దినములకే ఉంగుటూరు మండలములో, తాడేపల్లిగూడెమునకు చేరువనున్న బాదంపూడిలోను ఆ వ్యాధి నిర్ధారణమైనది. అధికారులు నిబంధనల ననుసరించి, వ్యాధి బయటపడిన చోటునుండి ఒక కిలోమీటరు మేరను రోగపీడిత మండలముగను, పది కిలోమీటర్ల మేరను నిఘా మండలముగను ఏర్పరచిరి. రోగపీడిత మండలములో కోళ్లను చంపి పూడ్చిపెట్టుట, కోళ్ల రాకపోకలను నిలుపుట, దుకాణములను మూయించుట, మందు చల్లించుట జరిగినవి.

ఇచట మీరు గమనింపవలసిన దొకటి కలదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట వేల్పూరు పశ్చిమ గోదావరి జిల్లాలోను, కానూరు అగ్రహారము తూర్పు గోదావరి జిల్లాలోను, బాదంపూడి ఏలూరు జిల్లాలోను ఉన్నవి. అనగా ఒకే తెగులు, మూడు జిల్లా యంత్రాంగములు, ఎన్నో మండలములు, ఇంకెన్నో పంచాయతీలు. పది కిలోమీటర్ల వృత్తము గీచినచో ఆ గీత జిల్లా సరిహద్దును చూడదు. ఒక జిల్లాలో చెప్పినమాట ప్రక్క జిల్లాలో చెప్పినమాటతో పొసగనిచో, జనులు రెంటిని విడిచి మూడవమాటను నమ్ముదురు. ఆ మూడవమాట ఫోనులో వచ్చినదై యుండును.

మొదటి కోడి చనిపోయిన నాటికిని ఫలితము తెలిసిన నాటికిని నడుమ కొన్ని దినములుండును. ఆ దినములలోనే నష్టమంతయు జరుగును. చనిపోయిన కోళ్లు వేలని కొందరు, లక్షలని కొందరు చెప్పుకొనిరి. చచ్చిన కోళ్లను కాలువ గట్లపైనను, రోడ్ల ప్రక్కను పడవేయుచున్నారని పత్రికలు వ్రాసినవి. కొల్లేటి వైపున కోళ్ల వ్యర్థములను చేపలకు మేతగా వేయు దురలవాటు, అధికారులు నిషేధించినను, అంతకుముందే యున్నది. తెగులుతో చచ్చిన కోడి అట్టి దారిలో చెరువునకు చేరినచో ఏమగునో ఊహించుకొనుడు. చల్లని నీటిలో ఈ వైరసు చాల దినములు బ్రదికి యుండగలదు. ఆ నీటిపైననే కొంగలు, బాతులు వ్రాలును.

ఈ పనులు చేసినవారందరు దుర్మార్గులని మేము చెప్పము. చాలమందికి ఏమి చేయవలెనో చెప్పినవారు లేరు. కొందరికి చెప్పినచో తమ ఫారము పేరు చెడునని భయము. కొందరికి పరిహారము సంగతి తెలియదు. ఈ మూడును మందుతో తీరునవి కావు, మాటతో తీరునవి.

వదంతి నడచు తీరు

వదంతికి రోగముతో పనిలేదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమందలి నవాపూరులో భారతదేశమున మొదటిమారు బర్డ్ ఫ్లూ కనబడినది. అది మనకు ఎంతయో దూరము. అయినను దేశమంతటను కోడి ధర పడిపోయినది. 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో కోడిమాంసము వలన కరోనా వచ్చునని ఫోనులలో పుట్టిన అబద్ధము పెంపకందారులను కుదేలు చేసినది. ఆ వ్యాధికి కోడితో సంబంధమే లేదు. హైదరాబాదులో మంత్రులే వేదికనెక్కి కోడిమాంసము తిని చూపవలసి వచ్చినది.

ఏలూరు పట్టణవాసులు 2020 డిసెంబరును మరచియుండరు. ఆ నెల మొదటి వారమున జనులు ఉన్నట్టుండి మూర్ఛపోజొచ్చిరి. 600 మందికి పైగా ఆసుపత్రులకు పోయిరి. రోగుల రక్తములో సీసము, నికెలు ఉన్నట్లు పరీక్షలలో కనబడినది. నిపుణులు నీటిని, పాలను, కూరగాయలను పరీక్షకు గొనిపోయిరి. పరీక్షకు తీసికొనిన ప్రతి వస్తువుపైనను జనులకు అనుమానము పుట్టినది. పరీక్ష చేయుట వేరు, దోషము నిర్ధారించుట వేరు. ఈ భేదమును గడపగడపకు తెలియజెప్పగలవారు అట్టివేళ ఎంత అవసరమో ఏలూరు వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మౌనము కూడ వదంతి వంటిదే. 1994-95 ప్రాంతమున కోస్తా రొయ్యల చెరువులలో తెల్లమచ్చల వ్యాధి ప్రబలినప్పుడు, జబ్బుపడిన చెరువు నీటిని కాలువలోనికి వదలుట, ఆ నీటినే పొరుగు రైతు తన చెరువునకు పెట్టుకొనుట వ్యాధి వ్యాప్తికి దారి యైనది. పొరుగువానికి ఒక్కమాట చెప్పియున్నచో అతడు తూము మూసికొనియుండును.

అన్యదేశముల అనుభవము

ఇది మన దేశమునకే పరిమితమైన కష్టము కాదు. 2001లో బ్రిటనులో పశువులకు గాలికుంటు వ్యాధి ప్రబలినప్పుడు 2026 చోట్ల వ్యాధి బయటపడినది. 60 లక్షలకు పైగా పశువులను చంపివేసిరి. వ్యాధి వ్యాపించునని పల్లెలలోని కాలిబాటలను మూసివేసిరి. ఆ మాట జనుల చెవిని పడునప్పటికి పల్లెసీమలన్నియు మూసివేసిరను అర్థము వచ్చినది. యాత్రికులు రాక మానిరి. పశువులే లేని సత్రములు, దుకాణములు దివాలా తీసినవి. యాత్రికుల వలన వచ్చు ఆదాయమునకు కలిగిన నష్టము వ్యవసాయమునకు కలిగిన నష్టముతో సరితూగినది. చెప్పినమాట తప్పు కాదు, చెప్పిన తీరు తప్పు.

థాయిలాండులో 2003 చివర కోళ్లు చనిపోజొచ్చినప్పుడు, అది సాధారణముగా కోళ్లకు వచ్చు కలరా అని అధికారులు కొన్ని వారములు చెప్పుచు వచ్చిరి. 2004 జనవరి 23వ తేదీన అది బర్డ్ ఫ్లూ అని ఒప్పుకొనవలసి వచ్చినది. అంతవరకు చెప్పినదంతయు అబద్ధమని జనులు తలచిరి. అటుపిమ్మట నిజము చెప్పినను నమ్మించుట కష్టమైనది.

అమెరికాలో ఒక మంచి ఏర్పాటు కలదు. అచటి వ్యవసాయశాఖ ప్రైవేటు పశువైద్యులను, వారి సహాయకులను శాంతికాలముననే ఒక పట్టికలో చేర్చుకొని శిక్షణ నిచ్చును. ఆపద వచ్చినప్పుడు వారిని తాత్కాలికోద్యోగులుగా పిలుచును, జీతమిచ్చును, పని తీరినవెంటనే పంపివేయును. ఏడాది పొడుగున జీతముల భారముండదు, ఆపదవేళ మనుషుల కొరతయు నుండదు. పశువైద్యుల విషయమున సాగిన ఈ పద్ధతి, మాట చేరవేయువారి విషయమున మాత్రము ఎందుకు సాగరాదు?

మనకును ఇది బొత్తిగా క్రొత్త కాదు. కోళ్ల రైతులు 1982లో డాక్టర్ బి. వి. రావు గారి నాయకత్వమున జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘమును స్థాపించుకొని, వ్యాపార ప్రకటనలలో ఆరితేరినవారి చేత గ్రుడ్డు విలువను దేశమంతట ప్రచారము చేయించిరి. గ్రుడ్లు అమ్ముటకు నిపుణుల మాట పనికివచ్చినప్పుడు, తెగులును అరికట్టుటకు పనికిరాదా?

“భయము లేదు” అను మాట చాలదు

అయితే ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. 2025లో అమ్మకములు పడిపోయినప్పుడు గుంటూరు మొదలగు పట్టణములలో వేదికలు కట్టి కోడికూర, గ్రుడ్లు ఉచితముగా పంచిపెట్టిరి. జనులు బారులు తీరిరి. భయము కొంత తగ్గినది. బాగుగా ఉడికిన మాంసము వలన ప్రమాదము లేదనుట నిజమే. మాంసము లోపలి భాగము కూడ 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చినచో ఈ వైరసు నశించును. మన ఇండ్లలో కూర అంతకంటె ఎక్కువగనే ఉడుకును.

కాని ఆ సంవత్సరము మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేండ్ల బాలిక ఈ వ్యాధితో మరణించినది. అంతకుముందు ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని కుటుంబమువారు తెలిపిరి. కూర వండుకొను ఇంటిలో పిల్ల చేతికి పచ్చిముక్క అందుట ఎంత సామాన్యమైన విషయము! “తినుడు, భయము లేదు” అను సగము మాట ఆ బిడ్డను కాపాడజాలదు. “ఉడికించి తినుడు, పచ్చిది పిల్లల చేతికి అందనీయకుడు, కోసిన చేతులను, కత్తిని, పీటను సబ్బుతో కడుగుడు” అను పూర్తి మాట కాపాడగలదు.

కనుక ప్రచారమనగా భయమును పోగొట్టుట మాత్రమే కాదు. ఎచట భయపడవలెనో, ఎచట భయపడనక్కరలేదో విడదీసి చెప్పుట ప్రచారము. సరకు అమ్ముడుపోవలెనని చెప్పు మాటకును, ప్రాణము నిలువవలెనని చెప్పు మాటకును తేడా కలదు. పంచాయతీ పిలువవలసినది రెండవమాట చెప్పువానిని.

ఎవరిని పిలువవలెను?

ప్రచార నిపుణులనగా మహానగరముల నుండియే రావలెనని తలచవలదు. ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను, కైకలూరులోను అట్టి వృత్తులవారు కావలసినంతమంది ఉన్నారు. మైకు కట్టిన ఆటో నడుపువానికి ఏ వీధిలో ఏ వేళ జనులు ఇంటిపట్టున నుందురో తెలియును. కేబుల్ టీవీ నడుపువాని గీత ప్రతి ఇంటి తెరపైకి పోవును. ఫ్లెక్సీలు, కరపత్రములు అచ్చువేయువాడు రాత్రికి రాత్రి వేయి ప్రతులు తీయగలడు. వీడియో స్టూడియోవాడు పశువైద్యుని చేత రెండు నిమిషములు మాటలాడించి ఫోనులకు పంపగలడు. వ్యాపార ప్రకటనలు వ్రాయువానికి పది వాక్యముల సంగతిని ఒక్క వాక్యములో ఇముడ్చుట తెలియును. డప్పు కళాకారులు, బుర్రకథ చెప్పువారు సంతలో గుంపును నిలుపగలరు.

బుర్రకథలో ముగ్గురుందురు. నడుమనున్న కథకుడు కథ చెప్పును. ప్రక్కనున్న హాస్యగాడు వినువారి మనసులోని సందేహమును బయట పెట్టును. రెండవ ప్రక్కవాడు లోకవ్యవహారము చెప్పును. తెగులువేళ ప్రచారమును ఇట్లే యుండవలెను. “గ్రుడ్డు తినవచ్చునా? పందెపు కోడిని ఎచట దాచవలెను? పరిహారము నిజముగా వచ్చునా?” అని జనులు అడుగదలచి అడుగలేని ప్రశ్నలను ముందుగా మనమే అడిగి, సమాధానము చెప్పవలెను.

మన సీమకు ప్రత్యేకమైన అవసరములు కొన్ని కలవు. చెరువు గట్లపై పాకలలో కాపలా ఉండువారు ఊరి దండోరా వినరు. లంక గ్రామములకు మైకు ఆటో పోలేనిచోట పడవలో పోవలెను. చెరువులు కౌలునకు తీసికొన్నవారు అనేకులు పట్టణములలో నుందురు, వారికి ఫోను ద్వారానే మాట చేరవలెను. కోళ్ల ఫారములలో ఒడిశా, బీహారుల నుండి వచ్చిన కూలీలు కుటుంబములతో నున్నారు. చచ్చిన కోడిని మొదట చేతితో ఎత్తువాడు ఆ కూలీయే. తెలుగు కరపత్రము వానికి ఉపయోగపడదు. ఒడియాలోను, హిందీలోను చెప్పగలవారిని పట్టికలో తప్పక చేర్చుకొనవలెను.

ఎవరి మాట, ఎవరి గొంతు?

ఈ ఏర్పాటులో నియమములు ముందే స్పష్టముగా నుండవలెను. చెప్పవలసిన సంగతిని నిర్ణయించువాడు పశువైద్యాధికారి. చేపల జబ్బు అయినచో మత్స్యశాఖాధికారి, పైరు తెగులు అయినచో వ్యవసాయాధికారి. దానిని ఎట్లు చెప్పిన జనుల చెవికెక్కునో నిర్ణయించువాడు ప్రచార నిపుణుడు. అధికారి సంతకము లేని వాక్యమును నిపుణుడు చెప్పరాదు. జనులకు అర్థము కాని వాక్యమును చెప్పుమని అధికారి పట్టుపట్టరాదు.

కోళ్ల కంపెనీకో, మందుల కంపెనీకో, మేత వర్తకునకో ఆ సమయమున పనిచేయుచున్నవానిని పంచాయతీ నియమింపరాదు. ఒకే నోరు ఇద్దరు యజమానులకు పనిచేయజాలదు. పత్రికా విలేఖరులను కూలికి పిలువరాదు. వారి పని మనలను ప్రశ్నించుట. వారికి ప్రతిదినము ఒక నియమిత వేళ నిజమైన సమాచారము నిచ్చుట మన విధి. ఏ ఫారములో తెగులు సోకినదో చెప్పవచ్చును గాని, ఆ రైతును దోషిగా నిలబెట్టు మాటలు పనికిరావు. మొదట తెలియజేసిన రైతు ఊరికి మేలు చేసినవాడు. వానిని వెలివేసినచో రెండవ రైతు నోరు విప్పడు.

వేతనము సంగతి ముందే వ్రాసికొనవలెను. రోజుకింత, ప్రతికింత, తిరిగిన దూరమునకింత అని ధర నిర్ణయించి, పంచాయతీ తీర్మానములో చేర్చవలెను. ఆపద వచ్చిన నాడు బేరమాడుచు కూర్చున్నచో ఆ దినము వృథా యగును. ఊరివాడే గదా యని ఊరక చేయించుకొనుటయు తగదు. కూలి ఇచ్చినప్పుడే పని సరిగా జరిగినదా యని అడుగు హక్కు మనకుండును.

దండోరా ఎట్లుండవలెను?

పూర్వము ఊరిలో దండోరా వేయువాడు వార్తను ఊరివారి మాటలలో చెప్పెడివాడు. కార్యాలయములలోని భాష అతని నోట పలుకదు. నేటి ప్రకటనయు అట్లే యుండవలెను. ఏమి జరిగినది, ఏమి ఇంకను తేలలేదు, ఏమి చేయవలెను, ఏమి చేయరాదు, మరల ఎప్పుడు చెప్పెదరు అను అయిదు సంగతులు అందులో నుండవలెను. మచ్చునకు ఒకటి వినిపించెదము:

“ఊరి ప్రజలకు విన్నపం. మన ఊరి చెరువు దగ్గర ఫారంలో నిన్నటి నుంచి కోళ్లు చచ్చిపోతున్నాయి. ఏం జబ్బో ఇంకా తేలలేదు. పశువుల డాక్టరు గారు నమూనాలు తీసి పంపించారు. ఫలితం వచ్చేదాకా ఆ ఫారం వైపు ఎవరూ వెళ్లకండి. మీ ఇంట్లో కోడి చనిపోతే ఉత్త చేత్తో ముట్టుకోకండి. కాలవలో పడేయకండి. చేపల చెరువులో వేయకండి. వెంటనే సచివాలయంలో చెప్పండి, లేకపోతే 1962కు ఫోను చేయండి. మాంసం, గుడ్లు బాగా ఉడికించి తినండి. పచ్చి మాంసం పిల్లలకు అందనివ్వకండి. రేపు సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ వచ్చి కొత్త సంగతి చెబుతాం.”

ఇందులో “ఇంకా తేలలేదు” అను మాటయే ప్రాణము. తెలియనిది తెలియదని చెప్పినవాని మాటను, తెలిసినప్పుడు జనులు నమ్ముదురు. చివరి వాక్యము కూడ అంత ముఖ్యమైనదే. రేపు ఆరు గంటలకు వచ్చెదమన్నచో, చెప్పుటకు క్రొత్త సంగతి లేకున్నను, ఆరు గంటలకు రావలెను. రానినాడు ఆ ఖాళీని ఫోను నింపును.

కొల్లేటి గ్రామములలో మరియొక మాట చేర్చవలెను. రోగము వలసపక్షుల వలన వచ్చినదన్న అనుమానము పుట్టగానే పక్షులను తరుముట, గూళ్లు చెరచుట, విషము పెట్టుట వంటి ఆలోచనలు కొందరికి కలుగును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. చెదరగొట్టిన పక్షులు వేరొక చెరువున వ్రాలును గనుక దానివలన ప్రయోజనమును లేదు. అడవిపక్షులు చనిపోయి కనబడినచో తాకక అటవీశాఖవారికి తెలుపవలెను.

చట్టము, పరిహారము

ఈ విషయమున పంచాయతీకి చట్టము కూడ స్థానమిచ్చినది. పశువుల అంటువ్యాధుల నివారణకు, నియంత్రణకు 2009లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము, తన పశువునకు గాని పక్షికి గాని చట్టములో పేర్కొన్న వ్యాధి సోకినదని తలచిన యజమాని ఆ సంగతిని గ్రామాధికారికి గాని, గ్రామ పంచాయతీ బాధ్యులకు గాని తెలుపవలెను. వారు దగ్గరనున్న పశువైద్యునికి వ్రాతమూలకముగా తెలియజేయుదురు. అనగా మొదటి వార్త వచ్చి చేరు గడప మీది. ఆ వార్త తెచ్చినవానిని కసరక, గౌరవముగా విని, తేదీ వేళలతో వ్రాసికొనుడు.

పరిహారము సంగతిని ప్రతి పెంపకందారునకు ముందే తెలుపవలెను. బర్డ్ ఫ్లూ అదుపునకై ప్రభుత్వము చంపించిన కోళ్లకును, నాశనము చేయించిన గ్రుడ్లకును, మేతకును పరిహారము లభించును. దానిని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు సగపాలు భరించును. కాని అధికారులు వచ్చునప్పటికే చచ్చిపోయిన కోళ్లకు పరిహారము రాదు. దీని అర్థమును ఆలోచింపుడు. దాచినవాడు ప్రతిదినమును నష్టపోవుచున్నాడు, తెలిపినవాడు కొంతయైనను దక్కించుకొనుచున్నాడు. ఈ ఒక్క సంగతిని ప్రతి ఫారము గుమ్మమున స్పష్టముగా చెప్పగలిగినచో, కాలువలలో తేలు కోళ్లు సగము తగ్గునని మా నమ్మకము.

ఇప్పుడు చేయవలసిన పని

శీతకాలపు పక్షులు కొల్లేటికి రాకముందే ఈ ఏర్పాటు పూర్తి కావలెను. అందుకై మీలో ప్రతి పంచాయతీయు నాలుగు పనులు చేయవలెనని కోరుచున్నాము.

మొదటిది, మీ గ్రామమునందును, చేరువ పట్టణమునందును ఉన్న ప్రచార వృత్తులవారి పట్టిక వ్రాయుడు. పేరు, పని, ఫోను, కోరు కూలి అందులో నుండవలెను. రెండవది, తీర్మానము చేసి ధరలను, నియమములను నిర్ణయింపుడు. మూడవది, పశువైద్యాధికారిని, గ్రామ సచివాలయములోని పశుసంవర్ధక సహాయకుని, ఆ వృత్తులవారిని ఒక పూట కూర్చుండబెట్టి మూడు ప్రకటనలు ముందే వ్రాయించుడు: అనుమానము కలిగినప్పుడు ఒకటి, నిర్ధారణమైనప్పుడు ఒకటి, తెగులు తొలగినప్పుడు ఒకటి. మూడవ ప్రకటనను అందరు మరతురు. తెగులు పోయినదని ఎవరును చెప్పనందుననే అమ్మకములు నెలల తరబడి తేరుకొనవు. నాలుగవది, ప్రక్క పంచాయతీ వేరొక జిల్లాలో ఉన్నను, దాని అధ్యక్షునితో మాటలాడి ఇరువురును ఒకే ప్రకటన చదువునట్లు ఒప్పందము చేసికొనుడు. వేల్పూరునకును కానూరు అగ్రహారమునకును నడుమ జిల్లా సరిహద్దు గలదు గాని, కోడికి ఆ సరిహద్దు తెలియదు.

ఇందుకు పెద్ద మొత్తములు అక్కరలేదు. ఒక మైకు ఆటో నాలుగు దినములు తిరుగుటకు అగు వ్యయము, ఒక చిన్న ఫారములోని కోళ్ల వెలలో ఎన్నవ వంతో మీరే లెక్కించుకొనుడు. తెగులు వచ్చిన నాడు వైద్యుడు ఒక్కడే పరుగెత్తుచు, ఒక చేత సూది, ఒక చేత మైకు పట్టుకొని యుండుట ఆయనకును మేలు కాదు, మనకును మేలు కాదు. సూదిని ఆయనకు వదలి, మైకును అందుకు తగినవాని చేతికి ఇచ్చుటయే మేము కోరునది.

ఈ సీమ పంచాయతీలు ఈ పనికి ముందుగా పూనుకొని, తక్కిన జిల్లాలకు దారి చూపగలవని విశ్వసించుచున్నాము.